సున్న

వినాయకులు నీళ్లల్ల గలిసిన వారానికి
తుపాను. మూడు రోజులు.
పానగల్లు చెరువు అలుగు దుంకి
మా గల్లీల మోకాటిమంటి నీళ్లు.
నాలుగో దినం ఎండ గొట్టింది.
నీళ్లు పోయినయన్నరు అందరు.
గోడ మాత్రం తాగింది తాగినట్టే ఉంది.

మొదలు బీరువా ఎన్క ఒక చుక్క,
పిల్ల చెంపకు దిష్టి తగలకుండ పెడ్తం గద, అంత.
పదిహేను రోజులకు మంచం తలాపున
గొంగడి ఆరేసినట్టు నలుపు,
వేలు పెడితే మెత్తగ, నూగు నూగుగ.
బూజు అన్నరు.
కట్టెకు చీపురు గట్టి దసరాకు దులిపే బూజు గాదు.
అది సాలీడుది.
ఇది ఎవ్వరిది గాదు, దులిపితే ముక్కులకు లేస్తది.

ఎడమ ముక్కు మొదలు మూసుకుంది.
రాత్రి ఒత్తిగిల్తే కుడిది.
బొట్టు పెట్టుకునే కాడ లోపట్నుంచి ఎవరో
చిన్న సుత్తెతోని కొట్టుడు.
కింద పడ్డ చిల్లరకు వంగితే
తలకాయల నీళ్లు ఒక దిక్కునుంచి ఇంకో దిక్కు ఒరుగుతయి.
గల్లీల ఆరిన వాన నాల ఇంక నిలిచే ఉంది.

నేను కండక్టర్ను. పదకొండేండ్ల సర్వీసు.
నల్లగొండ బస్టాండుల మైకు కన్న ముందు
నా గొంతు చేరేది ప్యాసింజర్లకు.
ఆ పొద్దు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఒర్రిన:
"బుదుగోడు! బుదుగోడు! చడ్డూరు, దాపల్లి!"
ఎక్కబోయిన ముసలవ్వ కాలు ఎనక్కు దీసింది.
"గీ ఊర్లు యాడియి బిడ్డా?"
డ్రైవర్ జానిమియ్య నవ్విండు,
నేను గూడ నవ్విన,
నవ్వితే చెంపల బొమికలు నొచ్చినయి.

మ పోయి బ అయింది, న పోయి ద.
అక్షరం పక్కన గుండ్రంగ కూసునే సున్న
ఏడ రాలిందో తెల్వదు.
పొద్దంత ఆడోళ్లకు సున్న టికెట్లు కొట్టిచ్చే చెయ్యి ఇది,
నోటికి ఒక్క సున్న దొరకలే.

మా నందినికి పదేండ్లు. దానికి నాకన్న ఎక్కువ.
అమ్మా అని పిలువబోతే
అబ్బా అని వస్తది.
నొప్పి పుట్టినోళ్లు అనే మాట.
ఒక్క రాత్రి మూడుసార్లు అన్నది.
పిలిచిందో, నొచ్చిందో
ఎర్క లేక మూడుసార్లు లేసిన.

పక్కింటి హాజీరా బీ వాము ఏంచి మూట గట్టింది,
జిందా తిలిస్మాత్ చుక్కలేసి ఆవిరి పట్టమన్నది.
తలుపులు మూసి పట్టినం.
మాకు రెండు బుక్కలు, మిగిలిందంత గోడే తాగింది.

ఓనరు జలంధర్ రెడ్డి సారు ఫోన్ల అన్నడు,
"సున్నం గొట్టిస్త, అయిపాయె."
కొట్టిచ్చిండు. ఐదొందల కిరాయి గూడ పెంచిండు.
దీపావళి దాక తెలుపు.
అటెన్క పొక్కులు, పొక్కుల కింద పాత నలుపు,
అన్నంల సుత రాలవట్టె.
గోడ మీది సున్నం, నా నోట్లె సున్న
ఒక్కతీరుగ ఊడినయి.

దవాఖానల డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది.
మాత్రలు రాసింది, ముక్కుల గొట్టే మందు రాసింది.
"బీరువా గోడకు ఆనుకోనుందా?" అని అడిగింది.
నా ఇల్లు ఆమె ఎన్నడు చూసిందో!

ఐతారం బీరువా జరిపిన.
మూతికి తువ్వాల గట్టి, గోడ తడిపి
ఇటుక కనబడేదాక గీకిన.
దొంగల భయానికి సారు మొలలు గొట్టిన కిటికీని
జానిమియ్య వచ్చి జాకీ రాడుతోని లేపిండు.
గాలి వచ్చింది. గాలికి వాసన ఉందో లేదో
నాకు తెల్వలే, నందిని చెప్పింది:
"పక్కింట్ల ఉల్లిగడ్డ ఏపుతున్నరు."

ఇయ్యాల చండూరు అని ఒర్రినప్పుడు
అరసున్నంత మోగింది.
మునుగోడు ఇంక బుదుగోడే.
చెయ్యెత్తి ఆపినోళ్లు ఎక్కుతనే ఉన్నరు,
నేను ఏ ఊరు అంటున్ననో
నా మొకం చూసి పట్టుకుంటున్నరు.